ముక్కుకు తెలిసిన విద్య

సంప్రదాయ పద్ధతిలో చేసే డార్జిలింగ్ ఆర్థొడాక్స్ టీ వెనకున్నంత పనితనం మన దేశంలో మరే పానీయం వెనకా లేదని నా నమ్మకం. అతిశయోక్తి అనేవాళ్లను అననివ్వండి. కోసి తెచ్చిన ఆకును ట్రఫులనే పొడవాటి తొట్ల మీద పరిచి రాత్రంతా గాలికి వాడబెడతారు. పన్నెండు గంటలు పట్టవచ్చు, పద్దెనిమిదీ పట్టవచ్చు. అంతా ఆ రాత్రి మబ్బును బట్టి, ఆకులో ఉన్న తడిని బట్టి. తెల్లవారుజామున అనుభవం ఉన్న పనివాడు గుప్పెడు ఆకు పిడికిట్లో బిగించి వదులుతాడు. ముద్ద మెల్లగా విచ్చుకోవాలి, కాడ వంచితే విరగకూడదు, పచ్చిగడ్డి వాసన పోయి పండు వాసన తగలాలి. రోలర్‌లో నలిగిన ఆకు రంగు తిరిగేటప్పుడు రెండు వాసనలు వస్తాయంటారు పాతకాపులు. మొదటిది గుప్పున లేచి అణగిపోతుంది, కాసేపటికి రెండోది లేస్తుంది. అది తగ్గకముందే ఆకు డ్రయ్యర్‌లో పడాలి. పచ్చదోమ కొరికిన రెండో కోత ఆకులోంచి ద్రాక్షను తలపించే మస్కటెల్ పరిమళం రాబట్టడం ఈ విద్యకు పరాకాష్ఠ. 2014లో మకైబారి తోట టీ కిలో 1,850 డాలర్లకు అమ్ముడుపోయిందంటే ఊరికే పోలేదు.

ఈ విద్య మనుషుల వెంటే నడిచొచ్చింది. 1830ల్లో అస్సాంలో టీ మొదలుపెట్టినప్పుడు చైనా పనివాళ్లను రప్పించారు. వాళ్ల పనిని గమనించి అక్కడి టీ సాగు పర్యవేక్షకుడు సి.ఎ. బ్రూస్ 1838లో ఒక చిన్న పుస్తకం అచ్చేయించాడు. తర్వాత మొక్కల సేకర్త రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి హిమాలయ తోటలకు మొక్కలు తెచ్చినప్పుడూ టీ చేసేవాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. మొక్క ఒక్కటే చాలితే ఆ ఖర్చెందుకు? అయితే పక్కన నిలబడి చూసేవాడుంటే చేతిపని కొంతైనా కాగితమెక్కుతుందని బ్రూస్ పుస్తకమే సాక్ష్యం. ఇవాళ్టి లాగ్‌బుక్కులు చూడండి: ఎన్ని కిలోల ఆకు, ఎన్నింటికి రోలర్, ఎంత వేడి. ఫలానా రోజు ఆకును రెండు గంటలు ముందే ఎందుకు దించారో సాధారణంగా ఉండదు. ఆ కారణం టీ మేకర్ తలలో ఉంటుంది, రిటైరైన రోజున ఆయనతోపాటే ఇంటికి పోతుంది. కొండల్లోని కుర్రకారు పట్నాల బాట పట్టాక ఆయన పక్కన నిలబడేవాళ్లూ కరువయ్యారు.

తేమ కొలిచే మీటర్లు వచ్చాక ఈ గోలంతా ఎందుకంటారు కొందరు. మీటర్ ఉండాల్సిందే. కానీ అది ఆకులో తడి ఎంతుందో చెబుతుంది, ఈ ఆకుకు ఎంత చాలో చెప్పదు. వానాకాలపు ఆకుకూ వసంతపు ఆకుకూ ఒకే అంకె పెట్టుకుంటే రెండూ చెడతాయి. ఆ కారణాలు రాసిపెడితే గుట్టు పక్క తోటకు పోతుందన్నది ఇంకో భయం. పోనివ్వండి! పక్క తోట ఎత్తు వేరు, ఎండ వేరు, పొదలు వేరు. ఈ గుట్టు అక్కడ యథాతథంగా పనికిరాదు, ఆలోచించే తీరు మాత్రం పనికొస్తుంది. అది కొండంతటికీ లాభమే.

గుట్టు పోవడం కాదు, నాకు ఒళ్లు మండేది నకిలీ దగ్గర. దేశంలో మొట్టమొదట జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు దక్కిన సరుకు డార్జిలింగ్ టీ, 2004లో. అయినా నేపాల్ ఆకును ఆ పేరుతో అంటగట్టే వ్యాపారులు ఆగలేదు. నేపాల్ టీ చెడ్డది కాదు, దాని మీద వేసే పేరే దొంగది. ఇక రంగు కలిపిన టీపొడి సంగతి మన ఊళ్లవాళ్లకు కొత్తగా చెప్పాలా? ఆకును నలిపి, చించి, చుట్టే సీటీసీ మర నుంచి వచ్చే మెత్తటి డస్ట్ పొడిని నేను తిట్టను, పాలూ చక్కెరా పడితే దానికదే సాటి. కానీ నాలుక ఆ చిక్కదనానికే అలవాటు పడితే అసలుకూ నకిలీకీ తేడా అడిగేవాడుండడు, అడిగేవాడు లేకపోతే ఆ పిడికిలి పరీక్షకు విలువా ఉండదు. అందుకే తోటల యాజమాన్యాలకు నా విన్నపం. మేనేజర్ గదిలో రోజూ కప్పులు వరసగా పెట్టి రుచి చూస్తారు కదా, ఆ రాత్రి ఆకు వాడబెట్టినవాణ్ణి, రోలర్ దగ్గర నిలబడ్డవాణ్ణి కూడా పిలవండి. వేలానికి ముందు బ్రోకర్ రాసి పంపే అభిప్రాయం సొరుగులో పెట్టేయకండి. దాన్ని పనివాళ్లు మాట్లాడే నేపాలీలో రాయించి ట్రఫుల పక్క గోడకు అంటించడానికి కాగితం, జిగురు తప్ప ఇంకేం ఖర్చు?