మోకాలి మీది రంగు

మా చిన్నమ్మ ఫోటో ఒకటి ఆమెకు అరవై దాటాక ఆమె చేతికొచ్చింది. 1970ల చివర జమ్మలమడుగులో జరిగిన బాలికల చెడుగుడు పోటీలో తీసింది. తీసినాయన ఒక పత్రికకు వార్తలు పంపే విలేఖరి. ఆయన పోయాక ఇల్లు ఖాళీ చేస్తూ, ట్రంకు పెట్టెలో దొరికిన ప్రింట్లను ఆయన కోడలు ఎవరివి వాళ్ళకు పంపించింది. అచ్చయిన తర్వాత పత్రిక ఆఫీసు నుంచి అడిగి తెప్పించుకున్న ప్రింట్లవి.

ఫోటోలో చిన్నమ్మ కూతకు వెళ్ళి ఉంది. లంగా ఎగజెక్కి, ఒక చెయ్యి ముందుకు చాచి, మరో కాలు గీత వైపు మళ్ళించి ఉంది. ఎదురుగా ఐదుగురు పిల్లలు చేతులు పట్టుకుని వలలా కమ్ముకుంటున్నారు. ఆ ఐదుగురి మీదుగా, పైనుంచి కిందికి, ఎర్ర మైనపు పెన్సిల్ గీత. ఒక్క కాలమ్ వెడల్పుకు బొమ్మను కత్తిరించమని డెస్కు పెట్టిన గుర్తు అది. చిన్నమ్మ కుడి మోకాలి మీద బూడిద రంగు పూత. లంగా మోకాలి కిందికి దిగినట్టు కుంచెతో దిద్దారు. వెనక తిప్పితే తేదీ ముద్ర, ఎండిపోయిన జిగురు మరక, సిరాతో ఒక్క ముక్క: చెడుగుడు ఆడుతున్న విద్యార్థిని.

అచ్చులో ఏం మిగిలి ఉంటుందో ఊహించండి. ఎదురు జట్టు లేదు, మధ్య గీత లేదు. ఒంటరిగా చెయ్యి చాచిన ఆడపిల్ల మిగిలింది. చెడుగుడు పోయింది.

దీన్ని "బాగు చేయించి" పటం కట్టిద్దామని చిన్నమ్మ కొడుకు ప్రొద్దుటూరులో ఒక స్టూడియోకి ఇచ్చాడు. వారానికి వచ్చింది. ఎర్ర గీత లేదు, దానితో పాటు ఐదుగురు పిల్లలూ లేరు. మైదానం దుమ్ము బదులు పచ్చగడ్డి. చిన్నమ్మ రంగు నాలుగు పాళ్ళు తెల్లబడింది. చిన్నమ్మ దాన్ని దూరంగా పట్టుకుని చూసింది.

"ఇదెవురు పాపా? మొగం నాదే, ఒళ్ళు ఎవురిదో. మిగతావాళ్ళు యాడికి పోయిరి?"

పాత ఫోటోల మరమ్మతు గురించి నేను చదవడం మొదలుపెట్టింది ఆ ప్రశ్న తర్వాతే. నలుపు తెలుపు ప్రింటులో బొమ్మ అంటే జిలటిన్ పొరలో ఇరుక్కున్న వెండి కణాలు. కడగడంలో హైపో మిగిలిపోతే పసుపు మరకలు వస్తాయి. తేమకూ గాలికీ వెండి పైకి తేలి అంచుల్లో అద్దంలా మెరుస్తుంది. తడి తగిలితే జిలటిన్ ఉబ్బి మెత్తబడుతుంది, గోరు తగిలినా గీరుకుపోతుంది. అందుకే తెలిసినవాళ్ళు మెత్తటి కుంచెతో మధ్య నుంచి అంచులకు దుమ్ము తోలి అక్కడితో ఆగుతారు. ఉమ్మి తడి చేసి తుడవరు. అంటుకున్న టేపును లాగరు. లామినేషన్ జోలికి అసలే పోరు. ముందూ వెనకా స్కాన్ చేసి, దిద్దుబాటంతా ఆ నకలు మీద చేస్తారు.

పత్రికల ఫోటోలకు ఇంకో చిక్కుంది. మైనపు పెన్సిల్ గీత పొర మీదే కూర్చుంటుంది కాబట్టి జాగ్రత్తగా తుడిస్తే పోతుంది. డెస్కులో కుంచెతో దిద్దే రంగు నీళ్ళలో కరిగేదే. అంటే మురికి కన్నా ముందు పోయేవి మనుషులు పెట్టిన గుర్తులు. అమెరికాలో పాత క్రీడా ఫోటోలు సేకరించేవాళ్ళు నెగెటివ్ నుంచి సుమారు రెండేళ్ళలోపు తీసిన ప్రింటును 'టైప్ 1' అని పిలిచి పెద్ద ధర పెడతారు. ఆ లెక్క తేల్చుకోవడానికి వెనక ఉన్న ముద్రలు, అంటించిన శీర్షికల కాగితాలు కావాలి. ఆ వెనకవైపును కంటికి రెప్పలా కాపాడే వాళ్ళలో కొందరు ముందువైపు గీతల్ని మాత్రం మచ్చలుగా భావించి తుడిపించేస్తారు. ప్రింటు వయసు చెప్పేది సాక్ష్యం, డెస్కు చూపు చెప్పేది మురికి! ఈ తేడా నాకు అమాయకమైనదిగా అనిపించదు.

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ సంగతే తీసుకోండి. స్త్రీలను అథ్లెటిక్స్‌లోకి రానిచ్చింది ఆ ఏడే. 800 మీటర్ల ఫైనల్లో తొమ్మిది మంది పరుగెత్తారు, తొమ్మిది మందీ పూర్తి చేశారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కె 2 నిమిషాల 16.8 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టింది. పదకొండు మంది పరుగెత్తారనీ, ఐదుగురు మధ్యలోనే కుప్పకూలారనీ రాసిన పత్రికలున్నాయి. స్త్రీలకు ఆ పోటీ మళ్ళీ దక్కింది 1960లో, రోమ్‌లో. అబద్ధాన్ని పట్టించింది ఆనాటి చలనచిత్రం, ఫలితాల పట్టిక. అలాంటి బొమ్మ వెనక అంటించిన శీర్షికను పాత జిగురు మరక కింద జమకట్టి గీకేస్తే బొమ్మ శుభ్రపడుతుంది, అబద్ధం ఆనవాలు పోతుంది.

మన భాషలో ఈ పనికి మంచి మాట ఉంది, పరిష్కరణ. కడపలో పండితుల్ని కూర్చోబెట్టి ప్రతులు సరిపోల్చి రాయించిన బ్రౌన్‌ను మనం తలుచుకుంటూనే ఉంటాం. నిజమైన పరిష్కర్త ఒక పాఠాన్ని ఎంచుకుని మిగతావాటిని అడుగున చూపిస్తాడు. పరిష్కరణ పేరుతో కోత ఎలా జరుగుతుందో కూడా మనకు తెలుసు. ముద్దుపళని తన గురించి, తన వాళ్ళ గురించి చెప్పుకున్న భాగమూ కొన్ని పద్యాలూ లేకుండా రాధికా సాంత్వనం అచ్చయితే, 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ వాటిని వెతికి తెచ్చి పూర్తి ప్రతి వేయించింది. అక్కడ తీసేసింది బూతనుకున్న పద్యాలను. ఇక్కడ కప్పేసింది మోకాలిని. ఎర్ర గీత, బూడిద పూత నా లెక్కలో పాఠాంతరాలు. ఆడపిల్ల ఆటను డెస్కు ఎలా చదివిందో చెప్పేవి అవే. మన పత్రికల జ్ఞాపకంలో తెలుగు క్రీడాకారిణి 2000లో సిడ్నీలో కరణం మల్లేశ్వరితోనే పుట్టినట్టుంటుంది. అంతకు ముందువాళ్ళు ఏమయ్యారో ఇలాంటి గీతలు చెబుతాయి. కబడ్డీనే చూడండి, ఆసియా క్రీడల్లో మగవాళ్ళకు 1990లో చోటిచ్చి ఆడవాళ్ళకు 2010 దాకా ఇవ్వలేదు.

ఇదంతా చిన్నమ్మకు చెప్పాను. గీత ఉండనిద్దాం, రంగూ ఉండనిద్దాం, అదే చరిత్ర అన్నాను. ఆమె ఓపిగ్గా వింది.

"గీత ఉంటే ఉండనీ. ఆ రంగు తీసెయ్. ఆ పొద్దు మోకాలు చీరుకపోయి నెత్తురు కారతాండె. అట్లే కూతకు పోతి. ఆ నెత్తురు మీద పూసినాడు వాడు."

ఆ మాట నా వాదంలో ఎక్కడా లేదు. లంగా పొట్టిదైనందుకు పూశారని నేను తేల్చేసుకున్నాను. పితృస్వామ్య నీతి మోకాలిని కప్పిందన్న నా పఠనంలో మోకాలు ఉంది గానీ గాయం లేదు, ఆమె ఆట లేదు. తడి చేస్తే పొర పాడవుతుందని చెప్పాను. అది నిజమే. కానీ ఆ నిజం వెనక నా వ్యాసం కూడా ఉందని ఒప్పుకోవాలి. పూత ఉంటేనే నాకు రాయడానికి ఏదో ఉంటుంది.

"వాని రంగు దాచిపెడతావా, నా నెత్తురు దాచిపెడతావా?" అంది.

రెండు వైపులా స్కాన్ చేశాను. ఒక నకలులో స్టూడియో తీసేసిన పిల్లలందరూ ఉండేలా దుమ్ము మచ్చలు మాత్రం దిద్ది పటం కట్టించాను. ఐదుగురిలో నలుగురి పేర్లు ఆమె చెబితే కవరు మీద మెత్తటి పెన్సిల్‌తో రాసుకున్నాను. ఐదో అమ్మాయిది నొస్సం వైపు ఊరని తప్ప పేరు గుర్తుకు రాలేదు. అసలు ప్రింటును పాలియెస్టర్ కవరులో పెట్టి, తడి తగలనీయొద్దని మరీ మరీ చెప్పి ఆమెకే ఇచ్చాను. అది ఆమెది.

సంక్రాంతికి వెళ్ళేసరికి కవరు ఖాళీగా బీరువా మీద ఉంది. ప్రింటు దేవుడి పటాల పక్కన గోడకు ఆనించి ఉంది. తడి గుడ్డతో తుడిచేసింది. పూత పోయింది. దానితో పాటు పొర కొంత లేచి సన్నటి గీరలు పడ్డాయి. మోకాలి మీద నల్లటి మరక కనిపిస్తోంది. అది నెత్తురో, గీరుకుపోయిన జిలటినో భూతద్దం పెట్టి చాలాసేపు చూశాను.

"నెత్తురే," అంది చిన్నమ్మ, టీ గ్లాసు నా చేతికిస్తూ.