తులారాశి శాసనము

కడప జిల్లా ఎఱ్ఱగుంట్ల దాపున నున్న కలమళ్ల గ్రామములో ఎరికల్ ముత్తురాజు ధనంజయుడను రేనాటి చోళుడు వేయించిన శాసనము సుమారు క్రీ.శ. 575 నాటిదనియు, తెలుగున మనకు దొరికిన తొలి శాసనముగా దానిని ఎన్నవచ్చుననియు పండితులు చెప్పుదురు. అట్టి ఱాతిని చదువువారు తడికాగితమును దానిపై నద్ది, కుంచెతో మెల్లగా తట్టి, సిరా పూసి ప్రతి తీయుదురు. అక్షరము చెరిగిన చోట తమకు తోచిన అక్షరమును నింపక, చుక్కలు పెట్టి విడుతురు. ఆ విద్యయొక్క గౌరవమంతయు ఆ చుక్కలలోనే యున్నది. ఇట్టి చదువు ఆకాశమునందును ఒకటి కలదు. అందు శాసనములు వృద్ధనక్షత్రములు. ఆ శాసనములలో మిక్కిలి సన్నని అక్షరము లిథియము.

విశ్వము పుట్టిన తొలి నిమిషములలో హైడ్రోజన్, హీలియములతో పాటు అత్యల్పముగా లిథియమును పుట్టినది. ఇనుము, కాల్షియము మొదలైన మూలకములు ఆపై నక్షత్రగర్భములలో పక్వమై, వెదజల్లబడి, తరతరములుగా పోగైనవి. హీలియమును దాటిన ప్రతి మూలకమును ఖగోళశాస్త్రజ్ఞులు లోహమనియే పిలుతురు. కావున లోహములు మిక్కిలి తక్కువగా నున్న నక్షత్రము, ఆ పోగు పెరుగకమున్నే పుట్టినదని యర్థము. ఆ లోహదారిద్ర్యమే దాని ప్రాచీనతకు సాక్ష్యము. అయితే లిథియము సుకుమారమైనది. ఇరువదియైదు లక్షల డిగ్రీల వేడిమి సోకినచో ప్రోటానుల తాకిడికి హీలియముగా విరిగిపోవును. పైపొర లోతులతో కలిసిపోని వెచ్చని వృద్ధనక్షత్రములలో మాత్రమే అది చెక్కు చెదరక నిలువగలదు.

అట్టిదొకటి తులారాశిలో కలదు. హెన్రీ డ్రేపర్ పట్టికలో 140283వ సంఖ్యగల ఈ నక్షత్రము మనకు సుమారు 200 కాంతివత్సరముల దూరమున నున్నది. దానిలోని ఇనుము సూర్యునిలోని దానిలో రెండుమూడు వందలవ వంతు మాత్రమే. వట్టికంటికి అందదుగాని, వైశాఖమాసపు నడిరేయి ప్రాంతమున అది కడపకు దక్షిణదిశను, దిగంతమునకు సుమారు 65 డిగ్రీల యెత్తున, తన ఉచ్చస్థానమును దాటును. కడపయు, తమిళనాట జవ్వాది కొండలలోని కవలూరును ఇంచుమించు ఒకే రేఖాంశముపై నున్నవి. కనుక వేసవిలో మిద్దెపై పడుకొని ఆకాశమును చూచు కడపవాసికి ఆ తార ఉచ్చమునకు వచ్చిన నిమిషముననే, దక్షిణమున 210 కిలోమీటర్ల దూరమున కవలూరులోనున్న వేణు బప్పు వేధశాలకును వచ్చును. తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో ఉద్యోగియగుటచే బాల్యముననే నక్షత్రములతో చెలిమి చేసిన ఖగోళశాస్త్రజ్ఞుడు బప్పు ఎన్నుకొనిన స్థలమది. 2.34 మీటర్ల దూరదర్శిని అచ్చట 1986లో ప్రారంభింపబడినది.

కొలత యెట్లు జరుగును? దూరదర్శిని కూడబెట్టిన వెలుగును సన్నని గాజుతంతువు వర్ణపటదర్శినికి కొనిపోగా, ఎషెల్ గ్రేటింగు దానిని విడదీసి పఱచును. థోరియము-ఆర్గాన్ దీపపు రేఖలను కొలబద్దగా నుంచుకొని తరంగదైర్ఘ్యములను గుర్తింతురు. ఎఱ్ఱని వెలుగులో, 6708 ఆంగ్‌స్ట్రాముల చోట, లిథియము ఒక చిన్న గుంటను త్రవ్వియుండును. తులారాశి తారలో అది మ్రింగిన వెలుగంతయు కలిపినను, ఒక ఆంగ్‌స్ట్రాములో ఇరువదవ వంతు మేర పూర్తిగా చీకటియైన దానికి సమానము. లిథియమే లేకున్నచో వెలుగు ఎంత యుండెడిదో ఆ గట్టును ముందుగా గీయవలెను. గట్టు వెంట్రుకవాసి దిగినను గుంట పూడినట్లే కనబడును. కొలతలోని రొద సగమగుటకు వెలుగు నాలుగింతలు కావలెను గనుక, ఒకే తారను గంటలకొలది వెంబడింతురు.

గుంట దొరికినను పరమాణువుల లెక్క తేలదు. ఆ వేడిమిలో లిథియమున చాల భాగము ఎలక్ట్రానును కోల్పోయియుండును. ఆ గుంటయను రేఖను వ్రాయునది మిగిలిన కొద్దిపాటి తటస్థ పరమాణువులే. ఆ కొద్దిభాగమెంతయో ఉష్ణోగ్రత నిర్ణయించును. నూరు డిగ్రీలు పొరబడినచో లిథియపు లెక్కలో నూటికి ఇరువదిపాళ్ల వఱకు తేడా వచ్చును. అందుచే తార రంగును, హైడ్రోజన్ రేఖల అంచుల వాలును పలుమార్లు సరిచూచుకొందురు.

1982లో ఫ్రాన్స్ దేశపు దంపతులు ఫ్రాన్స్వా స్పీట్, మోనిక్ స్పీట్‌లు ఇట్టి వృద్ధతారలను కొలిచి, లోహములు ఎంత తగ్గినను లిథియము మాత్రము ఇంచుమించు ఒకే మట్టమున నున్నదని కనుగొనిరి. వేయికోట్ల హైడ్రోజన్ పరమాణువులకు లిథియము ఒకటి, రెండు మాత్రమే. విశ్వారంభపు గణితము ఐదు చూపుచున్నది. మూడింతల ఈ లోటు నేటికిని తీరలేదు. లిథియము యుగయుగములుగా మెల్లగా లోపలికి క్రుంగినదని ఒక వివరణము, 2006లో ఎన్.జి.సి. 6397 అను తారాగుచ్ఛమున ఆండ్రియాస్ కోర్న్ బృందము చేసిన కొలతలు దీనికి కొంత బలమిచ్చినవి. ఆ యేటనే కొన్ని తారలలో లిథియము-6 ఐసోటోపు కనబడెనని మఱియొక బృందము ప్రకటించినది. రేఖ ఒక ప్రక్కకు వాలుటయే దాని జాడ. ఉడుకు వాయువు పైకి పొంగి క్రిందికి దిగుటవలనను రేఖ అట్లే వాలునని మఱింత నిశితమైన గణనములు తేల్చినప్పుడు ఆ అక్షరమును తుడిచివేసిరి. ఆశపడిన అక్షరమును తుడుచుట కష్టము. అదియే ఈ విద్యకు వన్నె.

ఈ పరంపర మన దేశమునను సాగుచున్నది. లడఖ్‌లోని హాన్లేయందు, సుమారు 4500 మీటర్ల యెత్తున, హిమాలయ చంద్ర దూరదర్శినితో శివరాణి మొదలగువారు లోహదరిద్ర తారలను గాలించి, వాటి లిథియమును గూర్చి 2022లో ప్రకటించిరి. సూర్యునివంటి తారలు వృద్ధాప్యమున లిథియమును తిరిగి పుట్టించుచున్నవని 2020లో భరత్ కుమార్, ఈశ్వర్ రెడ్డి ప్రభృతులు చూపిరి.

వేయికోట్లలో ఒకటి, రెండింటి కొఱకు ఇంత శ్రమ యేల యందురేని, విశ్వపు తొలి నిమిషములను గూర్చి ఆ తారలు ఇయ్యగల సాక్ష్యమది. వైశాఖపు రాత్రి మన మిద్దెలపై పిల్లలకు కథలు చెప్పునప్పుడు, దక్షిణపు నింగిని చూపి ఆ మూడింతల లోటును గూర్చియు చెప్పుదము: అచ్చట ఒక అక్షరము చెరిగినది, పెద్దలు చుక్కలు పెట్టి విడిచిరి, మీరు చదువుడు అని.