దొంగ - కల్ల - కళవు

1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి నాటి మద్రాసు రాష్ట్రంలో చేరిన ప్రాంతం తిరుత్తణి. అక్కడి తెలుగు విద్యార్థికి ఇంట్లో ‘దొంగ’, బడిలో ‘కళ్ళన్’ వినిపిస్తాయి. రెండూ అన్నిచోట్లా ఒకటే అనుకొని అనువాదానికి పూనుకుంటే చిక్కు వస్తుంది. అది ఎక్కడ వస్తుందో చూడడమే ఈ వ్యాసోద్దేశం.

‘దొంగ’కు వాచ్యార్థం పరుల సొమ్ము అపహరించేవాడు. అయితే దొంగనిద్రలో, దొంగ ఏడుపులో ఎవరి సొమ్మూ పోదు. దొంగనోటు అంటే దొంగిలించిన నోటు కాదు, అసలుది కానిది. అంటే ఈ మాటల్లోకి వచ్చినది అపహరణ కాదు, మరుగుపరచడం. ‘దోచు’ సంగతి వేరు. దోపిడి బాహాటంగానూ జరుగుతుంది. అక్కడ ప్రధానం పోగొట్టుకోవడం. అందుకే మనసు దోచే చూపు వేరు, దొంగచూపు వేరు. మొదటిదానిలో ఒకరి మనసు పోయింది; రెండోదానిలో చాటు మాత్రమే ఉంది. రెంటినీ ‘అలంకారం’ అని ఒకే గాటన కట్టే వ్యాఖ్యానం ఈ తేడాను గుర్తించదు.

తమిళంలో ‘కళ్’ ధాతువుకు దొంగిలించడమని అర్థం. తిరుక్కుఱళ్ 29వ అధికారం పేరు ‘కళ్ళామై’, అంటే దొంగిలించకపోవడం. మన ‘కల్ల’ను భాషావేత్తలు ఈ ధాతువుతోనే చేర్చారు. కాని తెలుగులో అది అబద్ధమనే అర్థంలో స్థిరపడింది. కనుక తమిళ ‘కళ్ళనోట్టు’ తెలుగులో కల్లనోటు కాదు, దొంగనోటే.

అసలు పరీక్ష ‘కళవు’ దగ్గర ఎదురవుతుంది. పెళ్ళికి ముందటి రహస్య ప్రేమకు తమిళ కావ్యశాస్త్రం పెట్టిన పేరిది. తొల్కాప్పియంలో ‘కళవియల్’ అనే ప్రకరణమే ఉంది. దీన్ని ‘దొంగతనం’ అంటే ప్రేమ నేరమవుతుంది. ‘రహస్య ప్రణయం’ అంటే అర్థం దక్కుతుంది గాని మాటలోని కొంటెతనం పోతుంది.

దీనికి దారి తిరుత్తణి స్వామి కథలోనే దొరుకుతుంది. కొర్రచేను కాస్తున్న వల్లి దగ్గరికి మురుగన్ వేటగాడిగా, ముసలివాడిగా వచ్చాడు. అది దొంగవేషం. అయినవాళ్ళకు తెలియకుండా రాత్రివేళ ఆమెను తీసుకుపోయాడు. అపహరణ అందామంటే ఆమె ఇష్టపడే వెళ్ళింది. ఇక మిగిలింది చాటు ఒక్కటే. కాబట్టి ‘కళవు’ను ‘దొంగచాటు వలపు’ అనడం సమంజసం. అందులో దొంగ ఉన్నాడు, నేరం లేదు.

రెండు భాషల మధ్య పెరిగిన విద్యార్థికి ఈ తూకం చెవికే తెలుస్తుంది. నిఘంటువు తెరిచే ముందు ఆ చెవిని నమ్మడం మంచిది.