నెమో నిజం చెప్పింది, డోరీ దాటేసింది

కుందూ, పెన్నా చేపలు తప్ప సముద్రపు చేప ఎరగని మా పెద్దముడియం వైపు పిల్లలు కూడా ‘ఫైండింగ్ నెమో’ (2003), ‘ఫైండింగ్ డోరీ’ (2016) ఫోన్లలో చూస్తున్నారు. రెండూ ఆండ్రూ స్టాంటన్ సినిమాలే. తప్పిపోయిన బిడ్డ, వెతికే మనసు రెండింటిలోనూ ఉన్నాయి. రంగుచేపల వేట దగ్గరికొచ్చేసరికి మాత్రం మొదటి సినిమాకున్న ధైర్యం రెండోదానికి లేదు.

నెమోలో చేపను పట్టే మనిషి కనిపిస్తాడు. కెమెరా వెలుగుకు తండ్రి కళ్లు బైర్లు కమ్ముతుండగానే బిడ్డను ఎత్తుకుపోతారు. అంతకన్నా గట్టి చోటు సిడ్నీలోని పళ్ల డాక్టరు గది. పగడపు దిబ్బ మీద చావబోతున్న చేపను తానే కాపాడానని ఆ డాక్టరు మనస్ఫూర్తిగా నమ్ముతాడు. ఆ గదిలోని తొట్టిలోనే గిల్ అనే చేప ఉంటాడు. నెమో రాకముందు మిగతావన్నీ అంగడి చేపలు, అతనొక్కడే సముద్రం నుంచి వచ్చినవాడు. పారిపోబోయి తగిలించుకున్న దెబ్బల మచ్చ అతని ఒంటిమీదే ఉంది. వేట గురించి ఉపన్యాసం ఏదీ లేదు, ఆ మచ్చే చాలు.

డోరీ పుట్టిల్లు కాలిఫోర్నియాలోని ఒక సముద్ర జీవుల సంస్థ. గాయపడ్డవాటికి వైద్యం చేసి సముద్రంలో వదిలే మంచి చోటు. కానీ డోరీ జాతి, బ్లూ టాంగ్, అమెరికా తీరపు చేప కాదు, హిందూ, పసిఫిక్ మహాసముద్రాల వెచ్చటి పగడపు దిబ్బలది. డోరీ అమ్మానాన్నలు అక్కడికెలా చేరారో సినిమా అడగదు.

అడగాల్సింది అక్కడే. నెమో జాతి చేప రాతికి గుడ్లు అంటించి కాపలా కాస్తుంది, తొట్టిలోనూ పిల్లలు పెరుగుతాయి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సి.ఎం.ఎఫ్.ఆర్.ఐ.) కూడా హేచరీలో వాటిని పెంచింది. బ్లూ టాంగ్ గుడ్లను నీళ్లలోకి వదిలేస్తుంది, నలుసంత పిల్లలు వారాల తరబడి కొట్టుకుపోతాయి. 2016లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం పెంచి చూపేదాకా అంగళ్లలోని బ్లూ టాంగులన్నీ దాదాపు సముద్రంలో పట్టినవే. ఫిలిప్పీన్స్, ఇండోనేషియాల్లో కొందరు ప్లాస్టిక్ సీసాలో సయనైడ్ కలిపి పగడాల సందుల్లోకి చిమ్ముతారు. మత్తెక్కిన చేప చేతికొస్తుంది, పగడం చస్తుంది.

డోరీ వచ్చాక అమెరికాకు ఈ చేపల దిగుమతి పెరిగిన దాఖలా లేదని 2019లో ఒక అధ్యయనం తేల్చింది. కాబట్టి సినిమా వేటను పెంచిందని నేననను. ఏ చేప కథలో వేటను చూపక తప్పదో, ఆ కథలోనే దాన్ని చూపలేదన్నదే నా ఫిర్యాదు.

పిల్లలకు రెండూ చూపించండి. డోరీ అమ్మానాన్నల్ని కాలిఫోర్నియాకు ఎవరు తెచ్చారని అడగండి. రేపు ప్రొద్దుటూరు అంగట్లో నీలం సముద్రపు చేప కనబడితే, కొనేముందు అంగడాయన్నీ అదే అడగండి: ఇది హేచరీదా, సముద్రంలో పట్టిందా?