తెలుగులో లెక్క చెప్పిన మిషను

ముందు కార్డు పెట్టి, తర్వాత వేలు ఆనించేవారు. కార్డులో దాచి ఉంచిన ముద్రతో ఆ వేలు కలిస్తే మిషను చిన్న రసీదు ఇచ్చేది. కొన్ని మిషన్లు ఎంత సొమ్ము చెల్లిస్తున్నదీ తెలుగులో పైకి చెప్పేవి కూడా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఉపాధి హామీ కూలి, పింఛన్లు పంచడానికి తెచ్చిన స్మార్ట్ కార్డుల పద్ధతి ఇది. దాని గురించి చదివినప్పుడల్లా నా మనసు ఆ గొంతు దగ్గరే ఆగుతుంది. అచ్చుకాగితం చదవలేని ముసలమ్మకు అసలు రసీదు ఆ గొంతే. అప్పట్లో వృద్ధాప్య పింఛను నెలకు 200 రూపాయలు. మిషను పదిమంది ముందూ 200 అని పలికాక ఆమె చేతిలో 150 పెట్టి పంపడం ఎవరికైనా కష్టం.

'వేలిముద్రగాళ్లు' అనే మాటను మనం చాలాకాలం తిట్టుగానే వాడాం. ముద్ర వేసినవాడికి పైన ఏం రాసి ఉందో తెలియదు, వేయించుకున్నవాడి మాటే చెల్లేది. ఇక్కడ అదే ముద్ర తాళంచెవి అయింది. ఆ కార్డు మీద చెల్లింపుకు ఆ వేలే ఆధారం. నమోదు చేసేటప్పుడు పది వేళ్ల ముద్రలూ తీసుకునేవారు. పలుగూ పారా పట్టిన చేతుల్లో ఏ వేలి గీతలు అరిగిపోయాయో ముందే ఎవరు చెప్పగలరు?

మిషను వెనక ఖాతాల ఏర్పాటులోనూ అంతే పనితనం ఉంది. అంతకుముందు కూలి డబ్బు పోస్టాఫీసు నుంచి, పింఛను పంచాయతీ చేతుల మీదుగా వచ్చేవి. బ్యాంకులు తమ తరఫున బయటివాళ్లను ప్రతినిధులుగా పెట్టుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2006 జనవరిలో అనుమతించింది. దాని ఆధారంగా ప్రభుత్వం ఒక జిల్లాకు ఒక బ్యాంకు అని పంచింది. లబ్ధిదారుల పేర ఖాతాలు బ్యాంకు తెరవాలి, కార్డులూ మిషన్లూ దానితో కలిసిన సాంకేతిక సంస్థ చూసుకోవాలి, ఊళ్లో డబ్బు పంచడానికి ఆ సంస్థ ఒక మనిషిని పెట్టుకోవాలి. ఆ మనిషి ఎవరన్న దానికీ నిబంధన ఉండేది: అదే ఊరి మహిళ అయి ఉండాలి, హైస్కూలు చదువు ఉండాలి, పంచాయతీ పెద్దలకు బంధువు కాకూడదు. ఈ చివరి షరతు రాసినవారికి మన పల్లె బాగా తెలుసు.

కమీషన్ లెక్క కూడా చూడాలి. పంచిన సొమ్ములో బ్యాంకుకు 2 శాతం. కానీ ఊళ్లో లబ్ధిదారుల్లో కనీసం 40 శాతం మందికి కార్డులు చేరాకే ఆ ఊరి చెల్లింపులు కొత్త దారికి మారేవి, కమీషనూ అప్పుడే మొదలయ్యేది. కాబట్టి కార్డులు త్వరగా ఇవ్వడం బ్యాంకుకే లాభం. మారిన ఊళ్లో కార్డు లేనివారినీ వట్టిచేతులతో పంపలేదు. వాళ్లకు ముద్ర లేకుండానే ఇచ్చారు. అందరికీ కార్డు వచ్చాకే డబ్బు అని బిగించి ఉంటే అంకెలు అందంగా కనిపించేవేమో, కార్డు అందని మనిషి మాత్రం పస్తుండేది.

మొదటి విడతలో కొన్ని జిల్లాల్లో బ్యాంకులు పని కదిలించలేకపోయాయి. 2010లో అలాంటి ఎనిమిది జిల్లాలను వేరే బ్యాంకులకు అప్పగించారు. అక్కడ ఏ మండలంలో ముందు మొదలుపెట్టాలన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుక్తంకర్ రెండేళ్ల తర్వాత ఫలితాలు కొలిచారు. 2016లో అచ్చైన వారి అధ్యయనం ప్రకారం కార్డులు ముందు వచ్చిన మండలాల్లో, రాని మండలాలతో పోలిస్తే, కూలి తెచ్చుకోవడానికి పట్టే సమయం ఒక్కో విడతకు 22 నిమిషాలు తగ్గింది. పనిచేసిన రోజుకూ డబ్బు అందిన రోజుకూ మధ్య ఎడం 29 శాతం తగ్గింది. ఉపాధి హామీలో దారిలో మాయమయ్యే సొమ్ము 41 శాతం తగ్గింది. ప్రభుత్వ ఖర్చు పెరగకుండానే కూలీల ఇళ్లకు ఎక్కువ డబ్బు చేరింది.

అయితే బ్యాంకులు లబ్ధిదారుల పేర తెరిచిన ఖాతాల్లో డబ్బు దాచుకున్నవారు దాదాపు లేరు. వచ్చింది వచ్చినట్టే తీసుకునేవారు. ఆ మేరకు అవి నిండైన బ్యాంకు ఖాతాలు కావు. రెండేళ్లయినా, కార్డులు ముందు వచ్చిన మండలాల్లో కొత్త దారి పట్టింది దాదాపు సగం చెల్లింపులే. మిగతా సగం పాత దారిలోనే వచ్చాయి. ఆ దారిని ఎవరూ మూసేయలేదు.