పదమూడు మంది, ఐదు దెబ్బలు

స్పానిష్ హార్లెమ్ ఆర్కెస్ట్రాలో పదమూడు మంది ఉంటారు. పాడేవాళ్లు ముగ్గురు. ఊదేవాళ్లు ఐదుగురు: ట్రంపెట్లు రెండు, ట్రాంబోన్లు రెండు, బారిటోన్ శాక్సఫోన్ ఒకటి. కాంగా, బోంగో, టింబాలే అనే తాళవాద్యాలు వాయించేవాళ్లు ముగ్గురు. ఇక పియానో, బాస్. గిటార్ లేదు, డ్రమ్ సెట్ కూడా లేదు. ఇంతమంది ఒకేసారి వాయిస్తుంటే గోల కావాలి. అలా కాకుండా ఒక్కో వాద్యం విడివిడిగా వినబడుతుంది. ఎందుకు వినబడుతుందో తెలుసుకోవడమే ఈ బృందం కచేరీ వినడంలో సగం ఆనందం.

వీళ్లు వాయించే సాల్సా సంగీతం వేళ్లు క్యూబాలో ఉన్నాయి. 1940లలో ఆర్సేనియో రొడ్రిగెజ్ తన బృందంలోకి కాంగానూ, పియానోనూ, అదనపు ట్రంపెట్లనూ తెచ్చి ఈ కూర్పుకు అచ్చు పోశాడు. ట్రాంబోన్ల గరుకుదనం న్యూయార్క్ చేర్పు. 1961లో ఎడ్డీ పాల్మియెరీ తన ‘లా పెర్ఫెక్తా’ బృందంలో వాటిని ముందు వరసకు తెచ్చాడు. 1980లలో మెత్తటి ప్రేమపాటల సాల్సా వచ్చాక ఆ గరుకంతా నున్నబడింది, తాళవాద్యాలు వెనక్కి తగ్గాయి. పాత ధ్వనిని మళ్లీ నిలబెట్టాలని 2000లో పుట్టింది ఈ బృందం. నాయకుడు ఆస్కార్ హెర్నాండెజ్ బ్రాంక్స్‌లో పెరిగిన ప్యూర్టోరికన్ పియానిస్టు. రే బారెటో దగ్గరా, రూబెన్ బ్లేడ్స్ దగ్గరా వాయించి చెయ్యి తిరిగినవాడు. ఈ బృందానికి మూడు గ్రామీలు వచ్చాయి. అవి పక్కన పెడదాం. వీళ్లు నిలబెట్టినది పాత పాటల్ని మాత్రమే కాదు, ఎవరి చోటు ఎవరిదన్న పాత లెక్కను.

ఆ లెక్క పేరు క్లావే. ఎనిమిదేసి గడుల భాగాలు రెండు, మొత్తం పదహారు గడులు గీసుకోండి. 1, 4, 7, 11, 13 గడుల్లో ఒక్కో దెబ్బ వేయండి. మొదటి భాగంలో మూడు, రెండో భాగంలో రెండు. దెబ్బకూ దెబ్బకూ మధ్య దూరాలు 3, 3, 4, 2, 4. మొదటి సగం గడియారానికి అడ్డం తిరిగినట్టు ఉంటుంది, రెండో సగం దాన్ని సర్దిపెడుతుంది. పాటను ఏ సగంతోనైనా మొదలుపెట్టవచ్చు, కానీ ఒకసారి మొదలైతే క్లావే ఆగదు, మారదు. అరేంజ్‌మెంట్‌లో ఎక్కడైనా బేసి సంఖ్యలో భాగాలు వస్తే, తర్వాతి చరణం క్లావే ఇంకో సగం మీద మొదలవుతుంది. రాసినవాడు ఆ మలుపును ముందే చూసుకుని, పాటను దానికి తగ్గట్టు వంచాలి.

ఇప్పుడు బాస్ సంగతి. ప్రతి భాగంలో 4, 7 గడుల్లోనే మోగుతుంది. 7లో మోగిన స్వరం తర్వాతి భాగపు మొదటి గడి మీదుగా సాగిపోతుంది. అంటే సాధారణంగా బాస్ బలంగా దిగవలసిన మొదటి గడి ఖాళీ! పైగా రాబోయే భాగపు కార్డ్‌ను ముందే చెప్పేస్తుంది కనుక వినేవాణ్ణి ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టే ఉంటుంది. మూడు దెబ్బల సగంలో బాస్ క్లావేతో 4లో, 7లో కలుస్తుంది. రెండు దెబ్బల సగంలో అది 12, 15లలో పడి, 11నూ 13నూ వదిలేస్తుంది. వదిలేసిన ఆ 11ను కాంగా మీది చెంపదెబ్బ అందుకుంటుంది. కాంగా తెరిచిన మోతలు రెండూ భాగం చివర 7, 8 గడుల్లో వస్తాయి. మిగతా గడుల్లో ఎడమ చెయ్యి మడమతోనూ వేళ్లతోనూ తోలు మీద ఊగుతూ, వినీ వినిపించనంతగా కాలాన్ని నింపుతుంది. అరచేతి మడమ చేసే ఆ గుసగుస తీసేస్తే కాంగా వట్టి అలంకారమైపోతుంది.

పియానోది ఇంకో ఉపాయం. రెండు చేతులూ ఒకే వరసను వేర్వేరు స్థాయిల్లో వాయిస్తాయి. రెండు దెబ్బల సగం మొదటి గడిలో మాత్రం నిక్కచ్చిగా దిగి, ఆ తర్వాత దెబ్బల మధ్య సందుల్లో నడుస్తాయి. వెనక పెద్ద ఆర్కెస్ట్రా ఉన్నా ఈ చిన్న వరసే పాటకు వెన్నెముక. హెర్నాండెజ్ దాన్ని ఆడంబరం లేకుండా, గంటల తరబడి అదే బరువుతో పట్టి ఉంచుతాడు. సోలోల మెరుపుల కన్నా నాకు ఆ నిలకడే ఎక్కువ నచ్చుతుంది.

కర్ణాటక కచేరీలు వినేవారికి ఎడుపు (పాట ఎత్తుకునే చోటు) సమానికి, అంటే తాళం మొదలయ్యే చోటుకు, ముందో వెనకో పడటం కొత్త కాదు. కాకపోతే అక్కడ చెయ్యి తాళం వేసి చూపిస్తూంటుంది. ఇక్కడ చాలాసేపు క్లావే కర్రలు ఎవరూ కొట్టరు. పదమూడు మందీ దాన్ని మనసులో వేసుకుని, దాని చుట్టూ నడుస్తారు.

చరణాలు నడిచేంతసేపు టింబాలే కళాకారుడు తోలు ముట్టడు. పుల్లతో డ్రమ్ము పక్క లోహపు గోడ మీద సన్నగా కొడతాడు. గాయకుడి మాటలకు అడ్డు రాకూడదు కదా. చరణం ముగిసేచోట అంచు మీద ఒక చరుపు, తోలు మీద ఒక చిన్న ఉరుము, మళ్లీ ఒక చరుపు. ఆ సైగతో గది మారిపోతుంది. టింబాలే పుల్ల గంట మీదికి వెళుతుంది. బోంగో వాయించేవాడు బోంగోలు వదిలి చేతి గంట అందుకుంటాడు. ఆ గంట వెడల్పు మూతి దగ్గర బొంగురు మోత, మెడ దగ్గర సన్నని మోత. బొంగురుది ప్రతి భాగంలో ఒకటో గడిలోనూ ఐదో గడిలోనూ పడుతుంది. బాస్ అంతవరకూ ఖాళీగా ఉంచిన ఒకటో గడిలో ఇప్పుడు గంట మోగుతుంది, నాట్యం చేసేవాళ్ల పాదాలకు చోటు చూపిస్తుంది.

ఇక్కడి నుంచి ప్రధాన గాయకుడు అప్పటికప్పుడు కట్టిన మాటలు విసురుతాడు, మిగతా ఇద్దరు వంత పాడతారు. వంత మారదు, విసిరే మాటలు ప్రతిసారీ కొత్తవి. మధ్యలో ఊదేవాళ్లు తమ భాగం మొదలుపెడతారు. ముందు ట్రాంబోన్లు ఒక చిన్న వరస పట్టుకుంటాయి, దాని మీద ట్రంపెట్లు ఇంకోటి పేరుస్తాయి, రెంటి కింద బారిటోన్ శాక్సఫోన్ గరగరలాడుతుంది. అరేంజ్‌మెంట్ రాసినవాడు ఈ మూడు వరసలకూ ఊపిరి తీసుకునే చోట్లు వేర్వేరుగా పెట్టాడు. ఒకరు ఆగినచోట ఇంకొకరు మోగుతారు.

ఈ వంత భాగం ఎన్నిసార్లు తిరగాలో కాగితం మీద ఉండదు. నేల మీద జంటలు ఊపులో ఉంటే ఇంకో నాలుగు సార్లు తిరుగుతుంది. ఇక చాలనిపిస్తే నాయకుడు చెయ్యి ఎత్తుతాడు. అందరూ ఆ వరస పూర్తయ్యేదాకా ఆగి, క్లావే ఏ సగంలో ఉందో చూసుకుని, రాసిపెట్టిన ముగింపులోకి ఒక్కసారిగా దూకుతారు.