వంగే వేళ్ళు, నిలిచే కాళ్ళు

పోయిన ఆదివారం ఒక గృహప్రవేశంలో మా పాప బొటనవేలు వెనక్కి వంచి ముంజేతికి ఆనించి చూపించింది. చుట్టూ ఉన్న పిన్నులూ అత్తయ్యలూ చప్పట్లు కొట్టారు. "ఎంత చక్కగా వంగుతోందే! కూచిపూడిలో చేర్పించవే" అంది ఒకావిడ. పక్కనున్న పెద్దాయన, "మాటలు రాలేదని బెంగెందుకమ్మా, కాస్త ఆగు. మా తమ్ముడికి ఐదో ఏడు దాకా రాలేదు" అన్నారు. ఆ చప్పట్లకూ ఈ ఓదార్పుకూ కూడా నాకు కోపం వచ్చింది.

పాపకు నాలుగేళ్ళు దాటాయి. రెండేళ్ళకు గానీ నడవలేదు. మాటలింకా రెండేసి పదాల దగ్గరే ఉన్నాయి. కీళ్ళు మామూలుకన్నా వదులు. డాక్టర్లు హైపర్‌మొబిలిటీ అంటారు. దాన్ని కొలవడానికి బైటన్ స్కోరు అని ఒక పద్ధతి ఉంది. రెండు బొటనవేళ్ళు, రెండు చిటికెనవేళ్ళు, రెండు మోచేతులు, రెండు మోకాళ్ళు, ఒక్కోదానికి ఒక మార్కు. మోకాళ్ళు వంచకుండా అరచేతులు నేలకు ఆనిస్తే ఇంకొకటి. మొత్తం 9. పసిపిల్లలు సహజంగానే బాగా వంగుతారు కాబట్టి మార్కులు ఎక్కువొచ్చినంత మాత్రాన జబ్బని కాదు, చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. దాంతోపాటు నడకా మాటా కూడా వెనకబడితే అప్పుడు సంగతి వేరు.

కీళ్ళను పట్టి ఉంచేవి స్నాయువులు. నులక వదులైన మంచానికి కోళ్ళు ఎంత గట్టివైతే ఏం లాభం? స్నాయువులు చేయాల్సిన పని కూడా కండరాల మీద పడుతుంది. అందుకే అందరు పిల్లలూ ఆడుతుంటే మా పాప ముందుగా చతికిలబడుతుంది. దాన్ని బద్ధకమనకండి. రాత్రిపూట కాళ్ళు పట్టుకుని ఏడిస్తే గారాబమనకండి, ఆ కాళ్ళు నిజంగానే పీకుతుంటాయి. రంగు పెన్సిలు పట్టుకుంటే చూపుడువేలి చివరి కణుపు లోపలికి కుంగిపోతుంది. జారిపోకుండా గోరు తెల్లబడేదాకా బిగించి పట్టుకుంటుంది, నాలుగు గీతలకే చెయ్యి విదిలిస్తుంది.

పిల్లల చేతికి బొమ్మలకన్నా పని ఇవ్వడం మేలని నేను నమ్ముతాను. ఆ నమ్మకం నాకు మా అమ్మ నుంచి వచ్చింది. పాపకు లాలపోసింది అమ్మే. కాళ్ళు చాపి పీట మీద కూర్చుని, పిల్లను కాళ్ళ మీద వేసుకుని, నువ్వుల నూనె మర్దించి, సున్నిపిండి రుద్ది, కుడి చెయ్యీ ఎడమ కాలూ కలిపి మడిచేది. అలా సాగదీస్తే ఒళ్ళు తేలికవుతుందని పెద్దల నమ్మకం. తలంటి రోజున పాప పెద్దయ్యాక కూడా అలాగే చేసేది. ఫిజియోథెరపిస్టు విని, "నూనె రాయండమ్మా, సాగదీయకండి. ఈ కీళ్ళు ఇప్పటికే సాగి ఉన్నాయి, బలం రావాలి" అన్నారు. అమ్మ నొచ్చుకోలేదు. మరి ఏం చేయమంటారో చెప్పమని అక్కడే కూర్చుంది.

ఇప్పుడు అమ్మ దగ్గర పాపకు బోలెడు పని. చెంబుతో నీళ్ళు మోసి మందార మొక్కకు పోయాలి. చపాతీ పిండి పిసకాలి. కందిపప్పు డబ్బా రెండు చేతులా పట్టుకుని తేవాలి. తమ కీళ్ళు ఎక్కడ ఎలా ఉన్నాయో ఇలాంటి పిల్లల ఒంటికి సరిగా తెలియదు, కాస్త బరువు పడితే తెలుస్తుంది. మోకాళ్ళు ముందుకు పెట్టి, పాదాలు రెండు పక్కలకూ పడేసి కూర్చుంటే అమ్మ కసరదు, చిన్న పీట జరుపుతుంది. మొన్న చిక్కుడుకాయల దగ్గర చూశాను. కొసను గోటితో గిల్లి, నాలుక కొంచెం బయటపెట్టి, ఈనె తెగకుండా చివరిదాకా లాగింది. "అమ్మమ్మా, పొడుగు!" అంది.

ఇదంతా చదివి, ఇంటిపనే చాలు, థెరపీ అక్కర్లేదు అంటానేమో అనుకుంటారు. అనను. చెంబు సగమే నింపమన్నదీ, పీట ఎత్తు చూసిందీ, అలసిపోకముందే ఆపమన్నదీ థెరపిస్టులే. కూచిపూడి సంగతి కూడా వాళ్ళనే అడిగాను, వద్దంటారనుకుని. "ఇంకాస్త పెద్దయ్యాక చేర్చండి. అరమండిలో నిలబడితే తొడలకు బలం. వంగుతోంది కదా అని ఇంకా వంచకుండా, మోకాళ్ళు వెనక్కి పోనివ్వకుండా టీచర్‌గారు చూసుకోవాలి" అన్నారు. వంగడం కోసం కాదు, నిలబడటం నేర్చుకోవడం కోసం చేర్పిస్తాం.

"కాస్త ఆగు" అనే మాటతో మాత్రం నాకు రాజీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన లెక్క ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు దాదాపు అందరూ 18 నెలల లోపు తమంతట తాము నడుస్తారు. అది దాటితే పిల్లల డాక్టరుకు చూపించండి, కారణం కీళ్ళేనా మరొకటా అన్నది వాళ్ళు తేలుస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో డీఈఐసీలు (జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు) వచ్చాయి, అక్కడ ఎదుగుదలలో ఆలస్యాలకు ఉచితంగా చూస్తారు. ప్రత్యేక అవసరాలున్న బడి పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. దారి తెలియకపోతే మీ ఊరి అంగన్‌వాడీ టీచర్నో ఆశా కార్యకర్తనో ఈ వారమే అడగండి.